ఇతరములు

నైపుణ్య శిక్షణ పొందినవాళ్ల మీద మేం చేసిన సర్వే ఫారంలో 36వ ప్రశ్న: "ఉద్యోగం ఎందుకు మానేశారు?" దాని కింద ఏడు జవాబులు. జీతం తక్కువ, ఆరోగ్యం బాగాలేదు, పెళ్లి లేదా కాన్పు, ఇంట్లో ఒప్పుకోలేదు, వేరే ఉద్యోగం దొరికింది, ఆసక్తి లేదు. ఏడోది ఇతరములు. దాని మీద వేలు పెడితే ట్యాబ్‌లో చిన్న గడి ఒకటి తెరుచుకునేది. ఒక వాక్యం కన్నా ఎక్కువ పట్టేది కాదు.

2019 ఎండాకాలంలో బోరబండలో ఒక ఇంటి గుమ్మం దగ్గర కూర్చుని ఆ ప్రశ్న అడిగాను. ఎదురుగా ఉన్న అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. మూడు నెలల శిక్షణ పూర్తిచేసి, సర్టిఫికెట్ అందుకుని, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో చేరి, 41 రోజులకు మానేసింది. ఎందుకమ్మా అన్నాను. "నీళ్లక్కా" అంది. నాకు అర్థం కాలేదు. వాళ్ల గల్లీకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, పొద్దున ఆరింటికి వచ్చి ఏడింటికి ఆగిపోతాయి. కంపెనీ బస్సు ఆరుంబావుకు పెద్ద రోడ్డు మీదికి వస్తుంది. ఇల్లు మూడో అంతస్తులో. అత్తగారు మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేదు. భర్త రాత్రంతా క్యాబ్ నడిపి ఎనిమిదింటికి ఇల్లు చేరతాడు. "నేను బస్సెక్కిన రోజు ఇంట్లో బిందె నిండదు. నెలకు పదిహేను రోజులు ఎవరిని బతిమాలుకోను?"

గడిలో "నీళ్లు" అని రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్లాను. రెండు వారాలకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఏడో జవాబు శాతం మరీ ఎక్కువగా ఉందట, అందులోనూ నా ఫారాల్లో. వాటిని మొదటి ఆరింటిలో ఎక్కడో ఒకచోట సర్దాలట. నీళ్లు ఎక్కడ సర్దుకున్నాయో ఊహించండి. నాలుగో జవాబులో: ఇంట్లో ఒప్పుకోలేదు. తెల్లవారుజామునే లేచి కోడలికి టిఫిన్ డబ్బా కట్టి పంపిన ఆ అత్తగారు, మా లెక్కల్లో కోడలి ఉద్యోగానికి అడ్డుపడిన మనిషి అయిపోయింది.

ఆ తర్వాత ఉపాధి, నైపుణ్య శిక్షణల మీద వచ్చిన పరిశోధనను దొరికినంత చదివాను. కొంత ఉద్యోగధర్మంగా, ఎక్కువగా ఆ ఫోను మీద కోపంతో. చదివేకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఏ కార్యక్రమం పనికొస్తుందో, ఏది ఎందుకు పనికిరాదో చెప్పగలిగినవాళ్లు అందులో నెగ్గినవాళ్లు కారు, మానేసినవాళ్లు. వాళ్లనే మనం అడగం. అడిగినా చెప్పింది రాసుకోం. రాసుకున్నా సర్దేస్తాం.

హైదరాబాద్‌కు ఈ శిక్షణల వ్యవహారం కొత్తది కాదు. చిన్నప్పుడు నేను కిక్కిరిసి ప్రయాణించిన సెట్విన్ చిన్న బస్సుల పేరు వెనక ఉన్నది జంటనగరాల యువతకు ఉపాధి, శిక్షణ ఇచ్చే సంస్థ అని పాతికేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. 1999లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ ఇక్కడ మొదలుపెట్టిన "ల్యాబ్స్" శిక్షణలు కొద్ది నెలల తర్ఫీదు, వెంటనే ఉద్యోగం అనే పద్ధతికి దారి వేశాయి. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ అదే బాటలో ఈజీఎంఎం (ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్) పేరుతో జిల్లాలకు వెళ్లింది. 2014 సెప్టెంబరు 25న కేంద్రం ప్రారంభించిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో ఆ పోలికలు చాలా కనిపిస్తాయి. దానికి సాంకేతిక సహకారం అందించే సంస్థల్లో ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉంది, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ.

నేను ఈ రంగంలోకి వచ్చింది 2015లో, మొబిలైజర్‌గా. ఊళ్లు తిరిగి బ్యాచ్‌కు సరిపడా పిల్లలను పోగుచేసే పని. నా వాటాకు అచ్చంపేట వైపు ఊళ్లు వచ్చాయి. అప్పటికి అది మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు కూలీ అంటే దేశంలో తెలియనివాళ్లు లేరు. నా చేతిలో ఒక కరపత్రం, ఫోనులో ఏసీ మాల్ ఫొటోలు. జీతం ఎంతమ్మా అంటే "పదివేలు" అనేదాన్ని. అది కాగితం మీది జీతం. పీఎఫ్, ఈఎస్ఐ పోయి, హాస్టలు, మెస్సు కట్టి, చేతిలో మిగిలేది ఎంతో నాకు తెలుసు. అడిగితే చెప్పేదాన్ని. అడగాలని వాళ్లకు తెలియదు.

ఒక ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్న ఒకాయన నేను చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. ముంబయిలో ఇరవై ఏళ్లు తాపీ పని చేసి వచ్చిన మనిషి. "మేము బొంబాయి పోతే వలస అన్నారు. మా పిల్ల పట్నం పోతే ప్లేస్‌మెంట్ అంటున్నారు. తేడా ఏమిటమ్మా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ పిల్ల పేరు రాసుకున్నాను కూడా. ఆ నెల నా టార్గెట్ ముప్పై అయిదు, అప్పటికి ఇరవై ఎనిమిది మందే అయ్యారు.

ఆయన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది. వలస వెళ్లినవాడు ఎప్పుడు తిరిగొచ్చాడో, ఎందుకొచ్చాడో ఊరందరికీ తెలుస్తుంది. ప్లేస్‌మెంట్ అయిన పిల్ల తిరిగొస్తే పంపిన కేంద్రానికి తెలియదు, మూడు నెలలు దాటితే చాలు. గ్రామీణ కౌశల్య యోజన నిబంధన ప్రకారం శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి, వాళ్లు మూడు నెలలు కొనసాగాలి. నిబంధన పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, అంతకుముందు అదీ లేదు. కానీ తొంభై రోజులు నిండేదాకా కేంద్రం నుంచి ఆ పిల్లకు రోజూ ఫోన్లు. "ఇంకో పన్నెండు రోజులు ఓపిక పట్టమ్మా." "జీతం స్లిప్పు ఒక్కటి పంపించు, ఆ తర్వాత నీ ఇష్టం." ఆ ఫోన్లు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. తొంభై ఒకటో రోజున ఫోన్లు ఆగిపోతాయి. ఒక అమ్మాయి ఆ రోజు తానే నాకు ఫోన్ చేసి, "ఈ రోజు మీరు చేయలేదేమిటి మేడమ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

ఇక పరిశోధన సంగతి. ఈ లెక్కల్లో ఉన్న మూల చిక్కు మన భాషకు ఎప్పుడో తెలుసు. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలినందుకే పండు పడిందా? కాకతాళీయం అనే ఒక్క మాటలో ఉన్న ఆ అనుమానాన్ని లెక్కల్లోకి దించడానికి ఆర్థికవేత్తలకు చాలాకాలం పట్టింది. 1978లో అమెరికాలో ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ ఒక సంగతి గమనించాడు: ప్రభుత్వ శిక్షణలో చేరేవాళ్ల సంపాదన సరిగ్గా చేరడానికి ముందు పడిపోయి ఉంటుంది. ఆశ్చర్యం లేదు, పని పోయినవాడే కదా శిక్షణకు వచ్చేది. పడినవాడు ఎలాగూ ఎంతో కొంత లేస్తాడు. ముందు జీతానికీ తర్వాతి జీతానికీ తేడా తీసి అదంతా శిక్షణ మహిమ అంటే, ఆ మనిషి తనంతట తాను లేచిన లేవడాన్ని కూడా మన పద్దులో రాసుకున్నట్టే. 1986లో రాబర్ట్ లాలోండ్ ఇంకా కఠినమైన పరీక్ష పెట్టాడు. లాటరీ తీసి కొందరికి అవకాశం ఇచ్చి, కొందరికి ఇవ్వని ఒక ఉపాధి కార్యక్రమం ఫలితాన్ని పక్కన పెట్టుకుని, లాటరీతో పని లేకుండా గణాంక పద్ధతులతో లెక్క కడితే అదే జవాబు వస్తుందా అని చూశాడు. చాలా పద్ధతులు తప్పాయి.

శిక్షణ కేంద్రాల గోడల మీద "అప్పుడు – ఇప్పుడు" అని రెండేసి ఫొటోలు అతికిస్తారు. అవి చూసినప్పుడల్లా నాకు ఆ కాకే గుర్తొస్తుంది.

లాటరీ పద్ధతిలో కొలిస్తే ఏం తేలింది? ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ 2017లో అభివృద్ధి చెందుతున్న దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశాడు. వంద మందికి వృత్తి శిక్షణ అవకాశం ఇస్తే, అది లేకపోతే దొరకని ఉద్యోగం ఆ శిక్షణ వల్ల దొరికేది ముగ్గురి కన్నా తక్కువ మందికి. నా ముప్పై అయిదు మంది బ్యాచ్‌లో అది ఒక మనిషి, బొటాబొటీగా. ఈ సంఖ్య మొదటిసారి చదివిన రోజు నాకు ఒళ్లు మండింది. ఎండలో నడిచి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి, రాత్రి బస్సుల్లో పిల్లలను తెచ్చింది ఒక్క మనిషి కోసమా?

నాతో పనిచేసిన ఒక ట్రైనర్‌కు ఇదే చెప్పాను. పన్నెండేళ్లుగా ఇంగ్లిషు, కంప్యూటర్ నేర్పుతున్న మనిషి ఆమె. "మిగిలినవాళ్లకు ఏమీ జరగలేదని ఎవరు చెప్పారు? మొదటి వారం తలెత్తి పేరు చెప్పలేని పిల్ల ఆఖరి వారం సెలవు కోసం నాతోనే పోట్లాడుతుంది. దాన్ని మీ ఫారంలో ఎక్కడ రాస్తారు?" అంది. తీసిపారేసే మాట కాదు. ఆమె పక్షాన సాక్ష్యం కూడా ఉంది. రాబర్ట్ జెన్సెన్ ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లలో చేసిన ప్రయోగం 2012లో వెలువడింది. లాటరీలో వచ్చిన ఊళ్లకు మూడేళ్లపాటు, కాల్‌సెంటర్ల వంటి ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసే రిక్రూటర్లను పంపించారు. ఆ ఊళ్ల అమ్మాయిలు ఉద్యోగాల్లో చేరారు, చదువు, శిక్షణల వైపు మొగ్గారు, పెళ్లిని, పిల్లలను వాయిదా వేసుకున్నారు. అందుకే శిక్షణలు దండగ, మూసేయండి అని నేను అనను. కానీ ఒక్కటి గమనించండి. జెన్సెన్ ఆ ఊళ్లకు పంపింది పాఠం చెప్పే మనిషిని కాదు, ఉద్యోగం చేతిలో ఉన్న మనిషిని.

ఉద్యోగాలు పెరగకుండా ఉద్యోగార్థులకు మాత్రమే పదును పెడితే ఏమవుతుంది? 2019లో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో, బ్రూనో క్రెపాన్ తదితరులు ఫ్రాన్స్‌లో 235 ఉపాధి కార్యాలయాల పరిధిలో దీన్ని పరీక్షించి 2013లో ప్రచురించారు. చదువుకుని ఖాళీగా ఉన్న యువతకు ఉద్యోగం వెతకడంలో గట్టి సాయం చేశారు. సాయం అందినవాళ్లకు మేలు జరిగింది, అదీ కొంతకాలమే. ఆ మేలులో కొంత, సాయం అందని పక్కవాళ్ల నోటి దగ్గర నుంచి వచ్చింది. ఉద్యోగాలు కరువైన చోట్ల మరీను. కుర్చీలాటలో ఒకరికి పరుగు నేర్పినంత మాత్రాన కుర్చీలు పెరగవు. నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర మా కేంద్రం కుర్రాడు సెక్యూరిటీ గార్డుగా చేరిన రోజు నేనే ఫొటో తీశాను. నీలం చొక్కా, కొత్త బూట్లు, ముఖం నిండా నవ్వు. ఫొటో అంచున పాత వాచ్‌మన్ మంచం నవారు విప్పుకుంటున్నాడు. రిపోర్టులో పెట్టేటప్పుడు ఆ అంచు కత్తిరించాం.

బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల్లో అచ్యుత అధ్వర్యు బృందం చేసిన అధ్యయనం ఇంకో రకంగా కలవరపెడుతుంది. కుట్టు మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్లకు ఫ్యాక్టరీలోనే మాట తీరు, సమయపాలన, సమస్యను పైవాళ్లకు చెప్పుకోవడం వంటివి నేర్పారు. మా కేంద్రంలో వీటిని మృదు నైపుణ్యాలు అనేవాళ్లం. "గట్టి నైపుణ్యాలు ఎప్పుడు నేర్పుతారు మేడమ్?" అని ఒక కుర్రాడు అమాయకంగా అడిగేదాకా ఆ మాట ఎంత వింతదో మాకు తట్టలేదు. బెంగళూరులో ఫలితం అద్భుతం. శిక్షణ పొందినవాళ్ల ఉత్పాదకత బాగా పెరిగింది, కంపెనీ పెట్టిన ఖర్చు కొద్ది నెలల్లోనే లాభంతో సహా తిరిగొచ్చింది. జీతాలు మాత్రం పేరుకు కదిలాయి. విజయమే, కాదనను. ఎవరి విజయమనేదే నా సందేహం. తెచ్చిపెట్టిన లాభంలో వాటా రాని మనిషి రేపు మానేస్తే, ఫారంలో దానికి "ఆసక్తి లేదు" అని ఒక జవాబు సిద్ధంగా ఉంది.

గట్టి ఫలితాలు వచ్చిన కార్యక్రమాలూ లేకపోలేదు. అమెరికాలో ఒక్కో రంగానికి ప్రత్యేకంగా నడిచే శిక్షణలను లారెన్స్ కాట్జ్ బృందం పరిశీలిస్తే, ముగిసిన మరుసటి ఏడాది సంపాదన 14 నుంచి 39 శాతం దాకా పెరిగింది. వాటిలో మూడు లక్షణాలు కనిపించాయి: చేర్చుకునే ముందు గట్టి వడపోత, మంచి జీతాలున్న రంగాన్నే ఎంచుకోవడం, రాకపోకల నుంచి పిల్లల సంరక్షణ దాకా ఆసరా. ఇక్కడి సదస్సుల్లో ఈ అధ్యయనాన్ని ఉదహరించేవాళ్లు మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటారు, రెండోదాన్ని దాటేస్తారు, మూడోదాకా చదవరు. అన్నట్టు, 200కు పైగా అధ్యయనాలను కలిపి చూసిన డేవిడ్ కార్డ్ తదితరులు, ఇలాంటి కార్యక్రమాల అసలు ఫలితం రెండు మూడేళ్లకు గాని తేలదన్నారు. మనది తొంభై రోజుల లెక్క.

సర్వే ఆఫీసు సర్దేసిన జవాబులను నేను ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. అందులోంచి కొన్ని, ఉన్నవి ఉన్నట్టు:

"పది గంటలు నిలబడే పని అని ముందు చెప్పలేదు."

"హాస్టల్లో పద్నాలుగు మందికి ఒక బాత్రూము."

"కంపెనీ బస్సులో సూపర్‌వైజరు పక్కనే కూర్చోమంటాడు."

"అడ్డా మీదికి వెళ్తే సాయంత్రానికి డబ్బు కనిపిస్తుంది."

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దీన్ని వేర్వేరు బస్తీల్లో వేర్వేరు మాటల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కంపెనీలో ఒకటో తారీఖున చేరినవాడికి మొదటి జీతం మరుసటి నెల ఏడో తారీఖుకో పదో తారీఖుకో పడుతుంది. అంటే నలభై రోజులు. ఆ నలభై రోజులూ ఇంటి అద్దె ఆగదు, పాలవాడు ఆగడు, ఫైనాన్సు కిస్తీ అసలే ఆగదు. అడ్డా కూలీకి రేపు పని ఉంటుందో లేదో తెలియదు, కానీ ఈ రోజు చేసినదానికి ఈ సాయంత్రమే డబ్బు వస్తుంది. నెల జీతం అనేది నెల రోజులు ఆగగలిగినవాళ్ల కోసం పుట్టిన ఏర్పాటు. జగద్గిరిగుట్టలో ఒకతను 33వ రోజున మానేశాడు. ఇంకో వారం ఆగితే జీతం వచ్చేది కదా అన్నాను. "ఆ వారానికి ఎవరిని అప్పు అడగాలో మీరు చెప్పండి మేడమ్, వెళ్లి అడుగుతాను" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. పది రోజులకోసారి జీతం ఇచ్చినా, మొదటి నెల అడ్వాన్సు ఇచ్చినా అతను నిలిచేవాడని నా నమ్మకం. నిరూపించలేను. అయితే అతనికి లేనిది నైపుణ్యం అని మాత్రం నన్ను ఎవరూ ఒప్పించలేరు.

నేను బాగా ఇష్టపడే అధ్యయనం మన గ్రామీణ కౌశల్య యోజన మీదే, బిహార్, జార్ఖండ్‌లలో జరిగింది. భాస్కర్ చక్రవర్తి, క్లెమాం ఇంబెర్ తదితరులు చేశారు. వాళ్లు కొత్త పాఠాలు చేర్చలేదు, కొత్త యంత్రాలు కొనలేదు. లాటరీలో వచ్చిన బ్యాచ్‌లకు శిక్షణ కాలంలో రెండు సమావేశాలు పెట్టి, ముందున్న ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ బ్యాచ్‌లవాళ్లు చేరిన ఉద్యోగాల్లో నిలవడం 18 శాతం పెరిగింది. అందుకు కారణంగా వాళ్లు చెప్పేది ఇంకా ముఖ్యం: లేనిపోని ఆశలతో వచ్చినవాళ్లు నిజం తెలిసి ముందే తప్పుకున్నారు. అంటే కొందరు శిక్షణ మధ్యలో మానేయడం వల్లే కార్యక్రమం మెరుగైంది. కేంద్రం రిజిస్టరులో వాళ్లు డ్రాపౌట్లు, మేనేజరుకు తలనొప్పి. నా దృష్టిలో వాళ్లు లెక్క చూసుకుని తప్పుకున్న మనుషులు.

ఆ అధ్యయనం చదువుతుంటే రచ్చబండ మీది పెద్దాయన కళ్ల ముందు నిలిచాడు. చేతికి ఎంత వస్తుందో ఆ రోజే చెప్పి ఉంటే ఆయన కూతురిని పంపేవాడా? పంపకపోవచ్చు. పంపితే, ఆ పిల్ల దసరాకు ఇంటికి వెళ్లి తిరిగి రాకుండా ఉండేది కాదేమో. ఒక చిన్న కాగితం మీద నాలుగు అంకెలు వేసి చూపించడానికి ఖర్చేమీ లేదు. నా టార్గెట్ తప్పేది, అంతే.

ఆడవాళ్ల విషయంలో దూరం ఎంత పెద్ద గోడో ఢిల్లీలో పుష్కర్ మైత్ర, సుభా మణి చేసిన కుట్టు శిక్షణ అధ్యయనం చూపించింది. బస్తీల స్త్రీలకు ఆరు నెలల శిక్షణ. తీసుకున్నవాళ్లకు పని దొరకడం, సంపాదన రెండూ పెరిగాయి. పూర్తిచేయలేకపోయినవాళ్లకు అడ్డొచ్చిన వాటిలో కేంద్రం దూరం, పిల్లలను చూసుకునే దిక్కు లేకపోవడం ముఖ్యమైనవి. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లల గది ఉండాలనేది. నేను చూసిన ఒక ఫ్యాక్టరీలో గది ఉంది, రంగురంగుల బొమ్మలు వేసిన గోడలున్నాయి, తలుపుకు తాళం ఉంది. లోపల అట్టపెట్టెలు.

దూరం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ నగరంలో పేద స్త్రీల ఉపాధికి ఇటీవలి కాలంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన కార్యక్రమం శిక్షణ కేంద్రాల్లో లేదు, కండక్టరు చేతిలోని టికెట్ మిషన్‌లో ఉందని నాకు అనిపిస్తుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్, అంటే ఉచిత ప్రయాణం, మొదలైంది. అంతకుముందు నా నోటుపుస్తకంలో "బస్సు ఖర్చులకే పోతోంది" అన్న మాట పేజీకొకటి ఉండేది. కానీ ఇక్కడ నా వాదన నాకే ఎదురు తిరుగుతుంది. రాష్ట్రమంతా ఒకే రోజు మొదలైంది, పోల్చి చూడటానికి పథకం లేని పక్క ఊరు మిగల్లేదు. నేను చెప్పేది కాకతాళీయమే కావచ్చు. లాలోండ్ చదివిన మనిషిగా ఒప్పుకోక తప్పదు.

తలల లెక్క గురించి రెండే ముక్కలు. 2009 జాతీయ నైపుణ్య విధానం 2022 నాటికి 50 కోట్ల మందికి శిక్షణ అంది. తలలు అడిగితే తలలే వస్తాయి, మనుషులు రారు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదికలో, 94 శాతానికి పైగా అభ్యర్థుల బ్యాంకు ఖాతా గడిలో సరైన వివరాలే లేవు. కొన్ని ఖాళీ, కొన్ని సున్నాలు. మా ఆఫీసులో కనీసం జవాబులనైనా ఏదో ఒక గడిలో సర్దేవాళ్లు.

మరి ఉద్యోగంలో నిలిచినవాళ్లను బట్టే కేంద్రాలకు డబ్బు ఇస్తే? సభల్లో ఎవరో ఒకరు తప్పకుండా లేచి ఇది అడుగుతారు. అమెరికాలో 1982 నాటి ఉద్యోగ శిక్షణ చట్టం కింద కేంద్రాలకు ఇలాంటి కొలతలే పెట్టారు. ఎలాగూ నెగ్గుకురాగలవాళ్లనే ఏరి చేర్చుకుంటున్నారన్న విమర్శ వెంటనే మొదలైంది. మీగడను బట్టి కూలి ఇస్తామంటే అందరూ మీగడ కోసమే గిన్నె తెస్తారు. అప్పుడు బోరబండ అమ్మాయిని ఎవరూ చేర్చుకోరు, ఎందుకంటే అందరికన్నా ముందు ఆమె ఇంటి నీళ్ల సంగతి తెలిసేది మొబిలైజర్‌కే.

నేను అడిగేది అంతకన్నా చిన్నది, అందుకేనేమో ఎవరికీ ఆనదు. ప్రతి కార్యక్రమం, మానేసినవాళ్లకు ఏడాదిన్నర తర్వాత ఒక ఫోన్ చేయాలి. ఎందుకు మానేశారో, ఇప్పుడేం చేస్తున్నారో, ఏముంటే నిలిచేవాళ్లో అడగాలి. జవాబులకు అంకెలు వేయకుండా వాళ్ల మాటల్లోనే ఉంచి, ఆ పేజీలను రిపోర్టు చివర అనుబంధంలో కాకుండా మొదట పెట్టాలి. మొబిలైజర్ చేతిలో కరపత్రంతోపాటు ఆ పేజీలూ ఉండాలి. ఒకసారి ఒక సమావేశంలో ఇదే చెబితే, ఒక పెద్దమనిషి "ఆసక్తికరమైన సూచన, కానీ ఇవన్నీ ఒక్కొక్కరి కథలు" అన్నాడు. అవునండీ, మనుషులు కథలుగానే బతుకుతారు. శాతాలుగా ఎవరూ ఉద్యోగం మానేయరు.

పోయిన నెల వేరే పని మీద బోరబండ వెళ్లాను. గల్లీ గుర్తుపట్టి మూడో అంతస్తు ఎక్కాను. ఆ అమ్మాయి నన్ను వెంటనే పోల్చుకుంది. ఇద్దరు పిల్లలు, చిన్నదాన్ని అంగన్‌వాడీలో వేసింది. చీరలకు ఫాల్, పీకో కుట్టి ఇస్తోంది. అత్తగారు పోయి రెండేళ్లయిందట. చాయ్ పెట్టింది.

"ఆ రోజు రాసుకున్నావు కదక్కా, నీళ్ల సంగతి. ఏమైంది?" అని అడిగింది.

ఏమైందో చెప్పాను. అత్తగారి పేరుతో ఎలా సర్దారో కూడా దాచలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. గోడ మీది ఫొటో వైపు చూసి, "మా అత్తమ్మ వింటే కొట్లాటకు వచ్చేది" అంది.

ఇప్పుడు నీళ్లు రాత్రి తొమ్మిదింటికి వస్తున్నాయట, ఏడాదయింది టైము మారి. ఆ కంపెనీలో మళ్లీ తీసుకుంటారేమో కనుక్కోమంది. బీరువా తెరిచి సర్టిఫికెట్ తెచ్చింది, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా దాచుకుంది. దాని మీదున్న కేంద్రం నంబరుకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. వేరెవరో ఎత్తారు. ఈ నంబరు తీసుకుని మూడేళ్లయింది, మీకు ఎవరు కావాలి అన్నారు.